4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌ను వేగవంతం చేయడం ఎలా?

ఐదు నుంచి పదేళ్ల కిందట కొన్న లాప్‌టాప్ మీ ఇంట్లో ఉంటే, దాని అట్టపెట్టె మీద 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 అని రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన పిల్లల కోసమో, 2020లో ఆన్‌లైన్ తరగతుల కోసమో హడావిడిగా కొన్న ఆ యంత్రం ఇప్పుడు ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా పనికి సిద్ధం కాదు. బ్రౌజర్‌లో నాలుగో ట్యాబ్ తెరవగానే మౌస్ పాయింటర్ బిగుసుకుపోతుంది. దాన్ని అమ్మేయాలా, బాగు చేయించాలా అని తేల్చుకునే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం రూపాయి ఖర్చు లేనివి. ఖర్చయ్యే వాటికి కూడా ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే డబ్బు పోతుంది గానీ వేగం రాదు.

ఏ పని మొదలుపెట్టే ముందైనా మీ ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, ప్రాజెక్టు ఫైళ్లు ఒక పెన్ డ్రైవ్‌లోనో బయటి హార్డ్ డిస్క్‌లోనో కాపీ చేసి పెట్టుకోండి. లాప్‌టాప్ నెమ్మదించడం కొన్నిసార్లు హార్డ్ డిస్క్ చెడిపోబోతున్నదనడానికి తొలి సూచన అవుతుంది కాబట్టి ఇది లాంఛనానికి చెప్తున్న జాగ్రత్త కాదు.

లోపం ఎక్కడుందో ముందు చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ 10లో అది చిన్న విండోగా వస్తే అడుగున ఉన్న 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. లాప్‌టాప్ బాగా మొరాయిస్తున్న సమయంలోనే దీన్ని తెరవాలి; అంతా సజావుగా ఉన్నప్పుడు చూసిన అంకెలతో ఏమీ తేలదు. 'ప్రాసెసెస్' పేజీలో సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అనే వరుసల పైభాగంలో శాతాలు కనిపిస్తాయి. సీపీయూ 90 దాటి అక్కడే నిలిచి ఉంటే ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని వదలకుండా వాడుకుంటున్నది. మెమరీ 85 దాటి, దానితోపాటే డిస్క్ కూడా 100 దగ్గర అంటుకుపోయి ఉంటే ర్యామ్ చాలడం లేదు. మెమరీ 60 లోపే ఉండి డిస్క్ మాత్రం 100 చూపిస్తుంటే, వెనకాల నడుస్తున్న విండోస్ అప్‌డేట్‌నో, యాంటీవైరస్ స్కాన్‌నో, అవీ కాకపోతే హార్డ్ డిస్క్‌నే అనుమానించాలి.

తరువాత 'పర్ఫార్మెన్స్' పేజీకి వెళ్లి 'మెమరీ' మీద నొక్కండి. అక్కడ చాలామంది పట్టించుకోని అంకె ఒకటుంది. 'కమిటెడ్' అనే పేరుతో 5.8/8.9 జీబీ అన్నట్టు రెండు భాగాలుగా కనిపించే ఈ అంకెలో మొదటిది, ప్రస్తుతం నడుస్తున్న ప్రోగ్రాములన్నిటికీ విండోస్ కేటాయిస్తానని ఒప్పుకున్న మెమరీ. రెండోది, ర్యామ్‌నూ, అది చాలనప్పుడు వాడుకోవడానికి డిస్క్ మీద ఉంచుకునే పేజ్ ఫైల్‌నూ కలుపుకొని అది ఇవ్వగలిగిన గరిష్ఠం. మీ ర్యామ్ 4 జీబీ అయి ఉండి, మీ రోజువారీ పనిలో మొదటి అంకె 6, 7 జీబీల దగ్గర తిరుగుతుంటే మీ లోటు ఎంతో దాదాపుగా తెలిసినట్టే. ఈ అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ర్యామ్ కొనే దశకు వచ్చినప్పుడు ఇదే మీకు కొలబద్ద. అదే పేజీలో 'స్లాట్స్ యూజ్డ్' ఎదురుగా '1 ఆఫ్ 2' అని ఉందో '2 ఆఫ్ 2' అని ఉందో, 'హార్డ్‌వేర్ రిజర్వ్డ్' ఎంత ఉందో కూడా రాసుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లు తెర కోసం ర్యామ్‌లోంచే కొంత ముక్క కోసుకుంటాయి. ముఖ్యంగా కొన్ని ఏఎండీ ప్రాసెసర్ల లాప్‌టాప్‌లలో 4 జీబీకి మూడున్నర కూడా మిగలకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడే మరొక్క విషయం చూసుకోవాలి. 'సెట్టింగ్స్'లో 'సిస్టమ్', అందులో 'అబౌట్' తెరిస్తే 'సిస్టమ్ టైప్' ఎదురుగా 64 బిట్ అనో 32 బిట్ అనో ఉంటుంది. పాత లాప్‌టాప్‌కు ఎప్పుడో షాపులో 32 బిట్ విండోస్ వేసి ఉంటే అది 4 జీబీకి మించి ర్యామ్‌ను వాడుకోలేదు, ఆ నాలుగు కూడా పూర్తిగా వాడుకోదు. అలాంటప్పుడు ఎంత ర్యామ్ కొని పెట్టినా వృథా. ముందు 64 బిట్ విండోస్ వేయించాలి.

ర్యామ్ చాలకపోతే డిస్క్ ఎందుకు ఆయాసపడుతుంది?

వంటగట్టు మీద చోటు చాలక, పప్పు డబ్బా దించాలంటే చింతపండు జాడీని అటకెక్కించి, మళ్లీ చింతపండు కావలసి వచ్చినప్పుడు పప్పును పైకి పంపించే వంటింటిని ఊహించుకోండి. విండోస్ చేసేది అదే పని; గట్టు ర్యామ్, అటక డిస్క్. ర్యామ్ నిండగానే, కొంతసేపుగా మీరు ముట్టుకోని ప్రోగ్రాముల సమాచారాన్ని డిస్క్ మీద పేజ్ ఫైల్ అనే చోటుకు తరలిస్తుంది. మీరు ఆ ప్రోగ్రామ్‌కు తిరిగి రాగానే మరొకదాన్ని బయటికి పంపి దీన్ని వెనక్కి తెచ్చుకుంటుంది.

ఈ రాకపోకలు హార్డ్ డిస్క్ మీద ఎంత ఖరీదైనవో లెక్క వేసి చూడవచ్చు. లాప్‌టాప్‌లలో ఉండే మామూలు హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క, డిస్క్‌ను చదివే తల (హెడ్) కిందికి రావడానికి సగటున అర చుట్టు, తల ఆ వరుస మీదికి కదలడానికి మరో పది పన్నెండు మిల్లీసెకన్లు కలుపుకుంటే, చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు అరవై డెబ్బై కంటే ఎక్కువ అందుకోలేదు. ఒక్కో ముక్క 4 కేబీ మాత్రమే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రబడి ఉండగా, పక్కనే చదివే వేగం సెకనుకు 1 ఎంబీ కూడా లేకపోవడం మీరు చూసే ఉంటారు. అది లోపం కాదు, తల అటూ ఇటూ పరుగెత్తడంలోనే కాలమంతా పోతున్నదని అర్థం. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అనే రకం డిస్క్ అదే ముక్కను మిల్లీసెకనులో పదో వంతు కాలంలో అందిస్తుంది. కింద చెప్పబోయే పనులన్నీ ఈ రాకపోకలను తగ్గించడానికో, తప్పనివాటిని తేలిక చేయడానికో ఉద్దేశించినవే.

షట్‌డౌన్ చేసినంత మాత్రాన విండోస్ కొత్తగా మొదలుకాదు

టాస్క్ మేనేజర్ 'పర్ఫార్మెన్స్' పేజీలో 'సీపీయూ' మీద నొక్కి 'అప్ టైమ్' చూడండి. ప్రతి రాత్రీ ఆపేస్తున్న లాప్‌టాప్‌లో కూడా అది పన్నెండు రోజులు, ఇరవై రోజులు అని చూపించడం సాధారణం. దీనికి కారణం 'ఫాస్ట్ స్టార్టప్' అనే సదుపాయం. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ తన మూలభాగమైన కెర్నల్‌నూ, పరికరాలను నడిపించే డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టుగా డిస్క్ మీద దాచుకొని, మర్నాడు వాటినే తిరిగి లేపుకుంటుంది. ఏ డ్రైవరైనా మెమరీని పట్టుకొని వదలకపోతే ఆ చెత్త కూడా అలాగే కొనసాగుతుంది. 'రీస్టార్ట్' చేస్తే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేయడం అలవాటు చేసుకోండి. ఎస్‌ఎస్‌డీ ఉన్నవారు కంట్రోల్ ప్యానెల్‌లో 'పవర్ ఆప్షన్స్', అందులో 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' తెరిచి ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేసినా నష్టం లేదు. హార్డ్ డిస్క్ ఉన్నవారు తీసేస్తే ఆన్ కావడం మరింత ఆలస్యమవుతుంది కనుక దాన్ని ఉంచుకోవడమే మేలు.

ఆన్ కాగానే నిద్రలేచే ప్రోగ్రాములు

టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్' పేజీ ఉంటుంది. విండోస్ 11లో దాని పేరు 'స్టార్టప్ యాప్స్'. లాప్‌టాప్ ఆన్ కాగానే మిమ్మల్ని అడగకుండా నడవడం మొదలుపెట్టేవన్నీ అక్కడ వరుసగా ఉంటాయి. పాటల యాప్‌లు, మీటింగుల యాప్‌లు, టొరెంట్ ప్రోగ్రాములు, ప్రింటర్ కంపెనీ సహాయకులు, అప్‌డేటర్లు అన్నిటినీ ఎంచుకొని 'డిజేబుల్' చేయండి. స్కైప్ సేవ 2025 మే నెలలోనే మూతపడినా కొందరి లాప్‌టాప్‌లలో అది ఇప్పటికీ ఈ జాబితాలో కూర్చొని ఉండవచ్చు. డిజేబుల్ చేసినంత మాత్రాన ప్రోగ్రామ్ పోదు, మీరు తెరిచినప్పుడు మామూలుగానే పనిచేస్తుంది. టచ్‌ప్యాడ్‌కూ సౌండ్‌కూ సంబంధించినవాటినీ, 'విండోస్ సెక్యూరిటీ' అని ఉన్నదాన్నీ మాత్రం కదిలించకండి. ఒక పేరు ఏమిటో అర్థం కాకపోతే దాని మీద కుడి మీట నొక్కి 'సెర్చ్ ఆన్‌లైన్' ఎంచుకుంటే దాని సంగతి తెలుస్తుంది. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ విషయంలో కాస్త ఆలోచించండి. మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దానిలో బ్యాకప్ అవుతున్నాయో లేదో చూసుకున్నాకే దాన్ని ఆపాలి.

ఆ తరువాత 'సెట్టింగ్స్'లోని 'యాప్స్' జాబితా తెరిచి, లాప్‌టాప్‌తోపాటు వచ్చిన ట్రయల్ ప్రోగ్రాములను, ఎప్పుడో ఆడి వదిలేసిన ఆటలను పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వీటిలో మొదట పోవలసింది గడువు తీరిన యాంటీవైరస్. డబ్బు కట్టమని రోజూ గుర్తుచేయడం తప్ప రక్షణ ఇవ్వని ఆ ప్రోగ్రామ్, ఫైల్ తెరిచిన ప్రతిసారీ తన వంతు ఆలస్యం కలుపుతుంది. దాన్ని తీసేస్తే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ తనంతట తాను బాధ్యత తీసుకుంటుంది. ఇంటి వాడకానికి అది చాలు. రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు భద్రత అనుకునేవారు, ర్యామ్ రెట్టింపు ఖర్చు కావడాన్ని మాత్రమే కొనుక్కుంటున్నారు.

అసలు తిండిపోతు బ్రౌజర్

4 జీబీ లాప్‌టాప్‌లో విండోస్ తన కోసం దాదాపు సగం తీసుకున్నాక మిగిలినదాన్ని ఎక్కువగా తినేది బ్రౌజరే. 2018 నుంచి క్రోమ్ భద్రత కోసం ఒక్కో సైటును ఒక్కో వేరు ప్రాసెస్‌లో నడుపుతున్నది. అందువల్ల ఒక సైటు మరొకదాని సమాచారాన్ని దొంగిలించడం కష్టమైంది గానీ, ర్యామ్ ఖర్చు పెరిగింది. క్రోమ్ తెరిచి ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. 'మెమరీ ఫుట్‌ప్రింట్' అనే శీర్షిక మీద నొక్కితే పెద్దది పైకి వచ్చేలా వరుస మారుతుంది. ఒక్కసారి ఈ జాబితా చూస్తే మీ నమ్మకాలు కొన్ని తలకిందులవుతాయి. మనం భారమనుకునే యూట్యూబ్ కంటే, మూలన తెరిచి మరిచిపోయిన ఈమెయిల్ ట్యాబ్, ఎప్పుడో వేసుకున్న కూపన్ల ఎక్స్‌టెన్షన్ ఎక్కువ తింటూ ఉండవచ్చు.

క్రోమ్ 'సెట్టింగ్స్'లో 'పర్ఫార్మెన్స్' తెరిచి 'మెమరీ సేవర్'ను ఆన్ చేసి 'మ్యాగ్జిమమ్' ఎంచుకోండి. కొంతసేపు చూడని ట్యాబ్‌లను అది ర్యామ్ నుంచి దించేస్తుంది, మీరు తిరిగి నొక్కినప్పుడు పేజీ మళ్లీ లోడ్ అవుతుంది. ఉద్యోగ దరఖాస్తులు, ఫీజు చెల్లింపుల పోర్టల్స్ లాంటివి అలా మళ్లీ లోడ్ అయితే నింపిన వివరాలన్నీ పోయే ప్రమాదం ఉంది కనుక, అటువంటి సైట్లను అక్కడే ఉన్న 'ఆల్వేస్ కీప్ దీజ్ సైట్స్ యాక్టివ్' జాబితాలో చేర్చండి. ఎడ్జ్ వాడేవారికి ఇదే పనిని 'స్లీపింగ్ ట్యాబ్స్' చేస్తుంది. క్రోమ్‌లో 'సిస్టమ్' కింద ఉన్న 'కంటిన్యూ రన్నింగ్ బ్యాక్‌గ్రౌండ్ యాప్స్', ఎడ్జ్‌లోని 'స్టార్టప్ బూస్ట్' రెండిటినీ ఆపేయండి. ఇవి ఉన్నంతకాలం మీరు బ్రౌజర్ మూసినా అది లోపల మేలుకొనే ఉంటుంది.

ఎక్స్‌టెన్షన్లలో మీరు నిజంగా వాడేవి రెండో మూడో ఉంటాయి, మిగిలినవి తీసేయండి. ఉంచుకోదగిన వాటిలో ప్రకటనలను ఆపేది ఒకటి ఉండాలి. వార్తల సైట్లలో, మన తెలుగు వార్తల సైట్లతో సహా, వార్త నాలుగు పేరాలైతే దాని చుట్టూ కదిలే ప్రకటనలు, తమంతట తాము మొదలయ్యే వీడియోలు అంతకు ఎన్నోరెట్లు మెమరీ తీసుకుంటాయి. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వంటి తేలికైన ఎక్స్‌టెన్షన్ తాను వాడుకునే మెమరీ కంటే ఎక్కువే మిగులుస్తుంది.

బ్రౌజర్ బయట కూడా ఇదే పొదుపు పాటించవచ్చు. ఆన్‌లైన్ మీటింగులో వెనుక దృశ్యాన్ని మసకబార్చే ఎఫెక్ట్ ఆపేస్తే సీపీయూ వెంటనే తెరిపిన పడుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నేర్చుకునే విద్యార్థులు ఇంత తక్కువ ర్యామ్‌లో, లాప్‌టాప్ మీదే ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌తో కుస్తీ పట్టకుండా, ఫోన్‌లో యూఎస్‌బీ డీబగింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కలిపి, యాప్‌ను నేరుగా ఫోన్ మీదే పరీక్షించుకోవాలి.

తెర మెరుగులు, సీ డ్రైవ్‌లో చోటు

స్టార్ట్ మెనూలో 'పర్ఫార్మెన్స్' అని టైప్ చేస్తే 'అడ్జస్ట్ ది అప్పియరెన్స్ అండ్ పర్ఫార్మెన్స్ ఆఫ్ విండోస్' అనే వరుస కనిపిస్తుంది. దాన్ని తెరిచి 'అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పర్ఫార్మెన్స్' ఎంచుకుంటే అన్ని టిక్కులూ పోతాయి. వాటిలో 'స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్' అనేదాన్ని మాత్రం తిరిగి టిక్ చేయండి. అది లేకపోతే ఇంగ్లిషు అక్షరాలు ఎలాగో చదవగలిగినా, 1366×768 తెర మీద తెలుగు ఒత్తులు, సుడులు విరిగినట్టు కనిపించి కళ్లు నొప్పెడతాయి. ఈ మార్పు వల్ల వచ్చే లాభం కొద్దిపాటిదేనని కూడా చెప్పాలి.

సీ డ్రైవ్ నిండిపోతే పేజ్ ఫైల్ పెరగడానికి చోటుండదు. అప్పుడు ప్రోగ్రాములు మెమరీ చాలడం లేదని చెప్పి మూతపడతాయి. కాబట్టి కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి. 'సెట్టింగ్స్'లో 'సిస్టమ్', 'స్టోరేజ్', 'టెంపరరీ ఫైల్స్' తెరిచి పనికిరానివి తొలగించవచ్చు. అయితే ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' అనే గడి కూడా ఉంటుంది. హాల్ టికెట్లూ మార్కుల మెమోలూ అన్నీ అదే ఫోల్డర్‌లో ఉంచే అలవాటు మనలో చాలామందికి ఉంది కనుక, 'రిమూవ్ ఫైల్స్' నొక్కే ముందు ఆ గడిలో టిక్ లేదని చూసుకోండి.

జోలికి పోకూడనివి

ఒక్క నొక్కుతో ర్యామ్‌ను ఖాళీ చేస్తామనే ర్యామ్ క్లీనర్, బూస్టర్ ప్రోగ్రాములు ఏవీ వేసుకోకండి. అవి చేసేదల్లా నడుస్తున్న ప్రోగ్రాముల సమాచారాన్ని బలవంతంగా డిస్క్ మీదికి తోయడమే. ఆ క్షణానికి ఖాళీ ర్యామ్ అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. మరుక్షణం మీరు ఏది నొక్కినా అదంతా డిస్క్ నుంచి వెనక్కి రావాలి. విండోస్ తరచుగా వాడే ఫైళ్లను ఖాళీగా ఉన్న ర్యామ్‌లో ముందే సిద్ధంగా పెట్టుకుంటుంది, ప్రోగ్రాములకు అవసరం కాగానే ఆ చోటు వదిలేస్తుంది. 'క్యాష్డ్' అని కనిపించే ఆ భాగాన్ని చూసి కంగారు పడనక్కర లేదు.

పేజ్ ఫైల్‌ను పూర్తిగా ఆపేస్తే వేగం వస్తుందనే సలహా 4 జీబీ యంత్రానికి ప్రాణాంతకం. దాని పరిమాణాన్ని విండోస్‌కే వదిలేయండి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే క్లీనర్ల వల్ల వేగం పెరగదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ సంగతి వేరే చెప్పాలి. మీరు ఏ పనీ చేయకపోయినా సీపీయూ 80, 90 శాతం వద్ద ఉండి ఫ్యాన్ హోరెత్తుతుంటే, ఆ క్రాక్‌తోపాటు వచ్చిన మాల్వేర్ మీ కరెంటుతో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్వి పెడుతూ ఉండవచ్చు. విండోస్ సెక్యూరిటీలో 'ఆఫ్‌లైన్ స్కాన్' ఒకసారి నడపండి.

వేడి, చార్జర్

'పర్ఫార్మెన్స్' పేజీలో సీపీయూ మీద నొక్కినప్పుడు 'బేస్ స్పీడ్' 2.40 గిగాహెర్ట్జ్ అని ఉండి, పెద్ద పని నడుస్తున్నప్పుడు కూడా 'స్పీడ్' 0.8 దగ్గరే ఆగిపోయి ఉంటే, ఆ లాప్‌టాప్ సమస్య ర్యామ్ కాదు. ప్రాసెసర్ వేడెక్కి తనను తాను తగ్గించుకుంటున్నది, లేదా చార్జర్‌ను గుర్తించడం లేదు. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు తమది కాని చార్జర్ పెడితే ప్రాసెసర్‌ను కావాలనే కనిష్ఠ వేగానికి దించుతాయి. విజయవాడ, రామగుండం వంటి ఊళ్లలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతున్నప్పుడు, పరుపు మీద పెట్టుకొని అడుగున గాలి రంధ్రాలు మూసేస్తే ఏ లాప్‌టాపైనా చతికిలబడుతుంది. గట్టి బల్ల మీద పెట్టండి. కొని మూడేళ్లు దాటితే ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీద, వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్పించండి.

ఖర్చు పెట్టదలచుకుంటే ముందు ఎస్‌ఎస్‌డీ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేశాక కూడా ఇబ్బంది తీరకపోతే, హార్డ్ డిస్క్ ఉన్న లాప్‌టాప్‌కు మొదట మార్చవలసింది ర్యామ్ కాదు, డిస్క్. ర్యామ్ 8 జీబీ చేసినా ఆన్ కావడం, ప్రోగ్రామ్ తెరుచుకోవడం, అప్‌డేట్ వేసుకోవడం హార్డ్ డిస్క్ వేగంతోనే జరుగుతాయి. ఎస్‌ఎస్‌డీ వేస్తే అవి తేలిక కావడమే గాక, 4 జీబీ దాటిపోయిన సమాచారం పేజ్ ఫైల్‌కు పోయి రావడం కూడా నూరురెట్లు తేలికవుతుంది. రెండూ ఒకేసారి కొనగలిగితే సంతోషం, ఒక్కదానికే డబ్బుంటే ఎస్‌ఎస్‌డీ కొనండి.

మీ లాప్‌టాప్ మోడల్ పేరు అడుగున ఉన్న స్టిక్కర్ మీద ఉంటుంది. దాని సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే లోపల ఎటువంటి డిస్క్ పడుతుందో తెలుస్తుంది. హార్డ్ డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల సాటా (హార్డ్ డిస్క్‌కు ఉండే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీ సరిగ్గా సరిపోతుంది. సన్నటి పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాట్ ఉంటే అందులో పెట్టవచ్చు గానీ, పాత లాప్‌టాప్‌లలో కొన్ని ఎం.2 స్లాట్లు సాటా రకాన్ని మాత్రమే అంగీకరిస్తాయి, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకాన్ని గుర్తించవు. ఈ తేడా చూసుకోకుండా కొని తిరిగి ఇవ్వడానికి షాపు చుట్టూ తిరిగేవారు చాలామంది. చవక రకం లాప్‌టాప్‌లలో 32 లేదా 64 జీబీ ఈఎంఎంసీ నిల్వ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని మార్చలేరు.

విప్పే ముందు 'సెట్టింగ్స్'లో డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందో చూసి, ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకపోతే పాత డిస్క్‌లోని ఫైళ్లు మీకే అందకుండా పోవచ్చు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా బిల్లు, వారంటీ రెండూ తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ బిగించగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను నడిపి 'పవర్ ఆన్ అవర్స్' చూడండి. కొత్తదైతే అది సున్నాకు దగ్గరగా ఉండాలి. వేల గంటలు చూపిస్తే అది వేరొకరి కంప్యూటర్‌లోంచి తీసినది. ఇదే ప్రోగ్రామ్ పాత హార్డ్ డిస్క్‌కు 'కాషన్' అని పసుపు రంగులో చూపిస్తే ఆ డిస్క్‌ను ఇక నమ్మకండి.

1 టీబీ హార్డ్ డిస్క్ నుంచి 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి ఉన్నదున్నట్టుగా క్లోన్ చేయడం చిక్కులతో కూడిన పని. దానికంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్ డ్రైవ్ మీద విండోస్‌ను సిద్ధం చేసుకొని కొత్తగా వేసుకోవడం మంచిది. ఏళ్లతరబడి పేరుకున్న చెత్త కూడా అలా పోతుంది. విండోస్ 10తో వచ్చిన లాప్‌టాప్‌కు లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్‌కు కలపగానే దానంతట అది యాక్టివేట్ అవుతుంది. షాపులో యాక్టివేటర్ పేరుతో ఏదో ప్రోగ్రామ్ నడపబోతే అక్కర లేదని చెప్పండి. డీవీడీ డ్రైవ్ ఉన్న లాప్‌టాప్ అయితే దాన్ని తీసి, ఆ స్థానంలో క్యాడీ అనే బిగింపు చట్రం పెట్టి పాత హార్డ్ డిస్క్‌ను ఫొటోలకు, సినిమాలకు వాడుకోవచ్చు.

ఆ తరువాత ర్యామ్

మొదట్లో కాగితం మీద రాసుకున్న 'కమిటెడ్' అంకె 6, 7 దగ్గర ఉంటే మొత్తం 8 జీబీ సరిపోతుంది. పది దాటుతుంటే 12 లేదా 16 గురించి ఆలోచించండి. లాప్‌టాప్ ర్యామ్‌ను ఎస్‌ఓడిమ్ అంటారు. డీడీఆర్3ఎల్, డీడీఆర్4, డీడీఆర్5 రకాలకు గాడి వేరువేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. ప్రమాదమల్లా డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మధ్య ఉంది. రెండూ ఒకే స్లాట్‌లో పడతాయి గానీ మొదటిది 1.5 వోల్టులు, రెండోది 1.35 వోల్టులు కోరుకుంటాయి, 1.35 వోల్టులే ఇచ్చే లాప్‌టాప్‌లో మొదటిదాన్ని పెడితే అది ఆన్ కాకపోవచ్చు. ఉన్నది 4 జీబీ అయితే అదే రకం, అదే వేగం గల మరో 4 జీబీ జోడించడం వల్ల ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు చానళ్లూ కలిసి పనిచేసి గ్రాఫిక్స్ కూడా కాస్త మెరుగవుతాయి. 'స్లాట్స్ యూజ్డ్' నిండిపోయి ఉన్నా, ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నా మాన్యువల్‌లో తెలుస్తుంది, కొనే ముందు దాన్ని చూడండి.

చార్జర్ తీసేసి, వెనక మూత విప్పగానే బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఏదైనా లోహపు వస్తువును ముట్టుకొని ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకున్నాక, ర్యామ్‌ను అంచులు మాత్రమే పట్టుకొని, గాడి కలిసేలా ఏటవాలుగా స్లాట్‌లోకి పూర్తిగా దూర్చి, కిందికి నొక్కితే రెండు వైపులా కొక్కేలు టక్కుమని పట్టుకుంటాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగా ఉండవచ్చు, కంగారుపడి ఆపేయకండి. ఆ రాత్రి స్టార్ట్ మెనూలో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' వెతికి ఒకసారి నడిపితే లోపమున్న ర్యామ్ అయితే వారంటీలో మార్పించుకోవడానికి వీలుంటుంది.

ఏదీ మార్చలేని లాప్‌టాప్‌లు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ వరకు వస్తాయి. విండోస్ 11కు కనీస ర్యామ్ 4 జీబీ అని చెప్తారు గానీ, అది ఇన్‌స్టాల్ కావడానికి సరిపోయే కొలత మాత్రమే. ర్యామ్ పెంచలేని లాప్‌టాప్‌ను దానికి మార్చమని నేను చెప్పను. పాత ప్రాసెసర్లు ఎలాగూ దాని అర్హతల జాబితాలో లేవు.

అటువంటి లాప్‌టాప్‌కు, విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ రకాల్లో లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం గానీ లుబుంటు గానీ బాగా నప్పుతాయి. ఇవి తమ కోసం వాడుకునే ర్యామ్ విండోస్ కంటే చాలా తక్కువ. అయితే బ్రౌజర్ అక్కడా అంతే తింటుంది కనుక పైన ట్యాబ్‌ల గురించి చెప్పినవన్నీ అక్కడా పాటించాలి. ట్యాలీ మీద లెక్కలు రాసేవారు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవారు ఈ మార్గం పట్టకూడదు, ఆ ప్రోగ్రాములు విండోస్ మీదే నడుస్తాయి. చదువుకు, ఇంటర్నెట్‌కు, ఉత్తరాలు రాసుకోవడానికి వాడేవారు లినక్స్‌ను పెన్ డ్రైవ్ మీద వేసి, డిస్క్‌ను ముట్టుకోకుండా దాని నుంచే నడిపి చూడవచ్చు. అలా నడుపుతూ వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో, కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చి నాలుగు వాక్యాలు టైప్ చేయగలుగుతున్నారో లేదో చూసుకోండి. అన్నీ పనిచేస్తుంటేనే 'ఇన్‌స్టాల్' గుర్తు మీద నొక్కండి.